ఈ ఆటకు నౌకరి ఉంది

నారాయణఖేడ్‌లో ఓ బడి మైదానం పక్కన ఈ వారం కాసేపు నిలబడ్డాను. అమ్మాయిలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి బంతి కొట్టుకుంటూ దూసుకొచ్చి, రెండు అంగల్లో పైకి లేచి, బోర్డుకు తగిలించి వేసింది. పడింది! నేను చప్పట్లు కొట్టాను. పక్కనే ఉన్న వాళ్ల నాన్న కొట్టలేదు. "ఈ ఆటతోని నౌకరి వస్తదా సార్?" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. సర్కారు కొలువు మీద మనకున్న మోజు అంటే నాకు ఎప్పుడూ మంటే. పిల్ల గాల్లోకి లేచిన క్షణంలోనూ అదే ప్రశ్నా?

నా రెండో గోడు, ఆ మైదానంలో సిమెంటు కోర్టు లేకపోవడం. మట్టి నేల మీద బంతి ఎటు లేస్తుందో చెప్పలేం. గులకరాయి తగిలితే పక్కకు పోతుంది. అందుకే ఆడేవాళ్ల చూపంతా బంతి మీదే ఉంటుంది. ఆ పిల్ల కూడా రింగు దగ్గరికొచ్చేదాకా తలెత్తలేదు. కుడిపక్కన ఖాళీగా నిలబడి చేతులు చాపిన జోడీని చూడనే లేదు. బంతి వేసిన చోటే లేచే నేల మీద కొన్నాళ్లు ఆడితే, దాని సంగతి చెయ్యి చూసుకుంటుంది, కళ్లు మనుషుల్ని వెతుకుతాయి. పాసు పుట్టేది అప్పుడే. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు చదును చేసి సిమెంటు పోయడం మండలానికొకటి చొప్పున మనకు చేతకాని పనేం కాదు.

సరే, నౌకరి మాట. కొలువు కాదు, అమెరికాలోలా లీగు కావాలని ఆ తండ్రికి చెబుదామనుకున్నాను. అక్కడ ఆడవాళ్ల లీగు డబ్ల్యూఎన్‌బీఏ 1997 నుంచి నడుస్తోంది. కానీ అందులో మేటి అయిన బ్రిట్నీ గ్రైనర్ 2022 ఫిబ్రవరిలో మాస్కోలో ఎందుకు అరెస్టయింది? గంజాయి నూనె కేసు సరే, అసలు అంత చలిలో రష్యాకు ఎందుకు వెళ్లింది? సొంత లీగు ఇచ్చే జీతానికి ఎన్నో రెట్లు అక్కడి క్లబ్బు ఇచ్చేది గనక. అమెరికాలో సీజన్ ముగియగానే పరాయి దేశాలకు వలసపోవడం అక్కడి క్రీడాకారిణులకు ఏళ్ల తరబడి మామూలుగా ఉండేది. చెరుకు కొట్టడానికి ఇల్లు తాళమేసి వెళ్లే కుటుంబాలున్న ఖేడ్‌లో ఈ బతుకు ఎవరికీ వివరించక్కర్లేదు.

మన దేశంలో గీతు అన్నా జోస్ ఉంది. కొట్టాయం పిల్ల, ఆరడుగుల రెండంగుళాల ఎత్తు. 2006లో ఆస్ట్రేలియా వెళ్లి రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడింది. 2011లో డబ్ల్యూఎన్‌బీఏలోని షికాగో, లాస్ ఏంజెలెస్, శాన్ ఆంటోనియో జట్లు పరీక్షకు పిలిచాయి. చోటు దక్కలేదు. అయినా ఆమె ఆట ఆగలేదు, ఎందుకంటే ఇంటి దగ్గర దక్షిణ రైల్వే ఉద్యోగం ఉంది, ఆ జట్టు ఉంది. 2014లో అర్జున అందుకుంది.

ఆ రైల్వే నుంచే చెన్నై అనితా పాల్‌దురై. 2017 జూలైలో బెంగళూరులో ఆసియా కప్ బి డివిజన్ ఫైనల్, ఎదుట కజకిస్థాన్. మనవాళ్లు 75-73తో గెలిచి పై డివిజన్‌కు వెళ్లారు. ఆ జట్టులో అనిత ఉంది. బిడ్డను కని, మళ్లీ కోర్టులోకి వచ్చి గెలిచిన గెలుపు అది. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఫైనల్ తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆఖరి బుట్ట కాదు, కాన్పు తర్వాత ఆమె తిరిగి రావడానికి ఒక చోటు ఉండటం. లీగు కాంట్రాక్టు సీజన్‌తో తీరిపోతుంది. మోకాలి లిగమెంటు తెగితే ఏడాది పోతుంది, ఆడవాళ్లకు ఆ దెబ్బ మగవాళ్లకంటే ఎక్కువ. నెల జీతం మాత్రం మోకాలిని అడిగి రాదు. పోటీలకు వెళ్లడానికి సెలవూ దొరుకుతుంది. మన దేశంలో ఆడపిల్ల బాస్కెట్‌బాల్‌ను వృత్తిగా చేసుకుందంటే, ఎక్కువ మంది విషయంలో దాని అర్థం రైల్వే కొలువో, కేరళలోలా విద్యుత్ బోర్డు కొలువో. ఆ తండ్రి అడిగింది ఆట బయటి ప్రశ్న కాదు, ఆటలోని ప్రశ్నే. కొలువు మోజు మీద నా కోపం ఎక్కడికీ పోలేదు, కానీ ఈ ఒక్కచోట నేను కొలువు పక్షాన నిలబడతాను.

మా ఖేడ్‌కు రైలు లేదు. ఎక్కాలంటే జహీరాబాద్‌కో బీదర్‌కో పోవాలి. అయినా రైల్వే క్రీడా కోటా నోటిఫికేషన్ ఇక్కడి పిల్లలకూ వర్తిస్తుంది. దాని వయసు 18 నుంచి 25. మన ఇళ్లలో ఆడపిల్ల పెళ్లికి లెక్కపెట్టే ఏళ్లు కూడా సరిగ్గా అవే. ఆ పిల్లకు ఇప్పుడు పద్నాలుగు. జిల్లాకూ రాష్ట్రానికీ ఆడి, ఆ తర్వాత జాతీయ పోటీల్లో నిలబడాలంటే ఇప్పటి నుంచే తలెత్తి బంతి కొట్టడం నేర్చుకోవాలి. ఆరో నంబరు బంతి కావాలి, మగపిల్లల ఏడో నంబరు కాదు. పోటీకి పంపిన ప్రతిసారీ ఇచ్చే సర్టిఫికెట్లను ఆధార్ కార్డులతో పాటు దాచాలి. ఇదంతా చెప్పాక ఆ తండ్రి అడిగిన రెండో ప్రశ్న: "ఆరో నంబర్ బంతి యాడ దొరుకుతది?"