రాంనగరు కత్తిపీట

స్కాట్లండుదేశమున స్పే, డీ నదులలో సాల్మన్ చేపను పట్ట వచ్చు విహారులకు తోడుగా నడచు మార్గదర్శి, సముద్రమునుండి నదికి మరలిన పిమ్మట ఆహారమే ముట్టని ఆ మీనమును ఈకలు చుట్టిన గాలముతో కవ్వింప నేర్చినవాడని చదివినప్పుడెల్ల నాకు గౌరవము కలుగును. కాని హైదరాబాదున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు గృహస్థులకు అట్టి మార్గదర్శి ప్రక్కనున్న రాంనగరు చేపల అంగడిలోనే కత్తిపీట ముందు కూర్చుండి యున్నది. మొప్ప యెత్తి యెరుపు చూపి, పులుసునకా వేపుడునకా యని యడిగి తెలిసికొన్న పిదపగాని ఆమె పనికి పూనుకొనదు. రవ్వకైనను బొచ్చెకైనను తోకనుండి తలవైపునకు ఎదురు గీయగా పొలుసులు రాలును. జిగట మేని కొర్రమీనునకు మాత్రము ముందుగా బూడిద పులిమి పట్టు చిక్కించుకొనవలెను. నేను మిక్కిలి మెచ్చునది కడుపు తెరచు క్షణము. పాదముతో అదిమిన కత్తి కదలదు, చేపయే వాదరపై నడచును. ఆ నడకలో వ్రేళ్లు ఎంత యెరిగినవో కాని, కాలేయము నంటియున్న పచ్చని పిత్తపు తిత్తి చిట్లక వెలికి వచ్చును. చిట్లినచో పులుసంతయు చేదే! మృగశిర కార్తెనాడు, జూన్ 8 ప్రాంతమున, వీధి నిండ జనము త్రొక్కిసలాడుచున్నను ఆ చేయి తొట్రుపడదు. పులుసునకు మందముగా, వేపుడునకు పలుచగా వెన్నెముక నలుగకుండ కోసి, తలను చీల్చి వేరుగా కట్టి యిచ్చును. ఇంట ఉప్పు, పసుపు రుద్ది కడిగిన చాలును. వృద్ధులు సైతము ఎముక పొడి తగులునను జంకు లేక భుజింతురు.