మూడో గూట్లో ఉప్పు

మోత్కూర్‌లో మా నాయిన కిరాణా దుకాణంలో, కూర్చున్నచోటి నుంచి చెయ్యి అందేలా గోడకు నాలుగు గూళ్లుండేవి. మిగతా సరుకంతా వెనక అర్రలో. ఏ గూట్లో ఏ డబ్బా ఉందో ఆయన చూసేవాడు కాదు, చేతికే తెలుసు. ఒకనాడు నేను మూడో గూట్లోంచి చక్కెర డబ్బా తీసి, అక్కడ ఉప్పు డబ్బా పెట్టి, అట్లాగే ఆటకు పోయాను. పొద్దుగూకాక కరెంటు పోయింది. నాయిన ఎవరికో పావుకిలో చక్కెర తూచి పంపాడు. తెల్లారి ఆ ఇంటామె చాయ్ గ్లాసుతోనే వచ్చింది.

“తీసిన డబ్బ తీసిన కాడనే పెట్టాలె బిడ్డా” అన్నాడు నాయిన. కొట్టలేదు.

1990లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో మెమరీ కార్డుకు డ్రైవర్ రాసే పని నాకు పడింది. పాత పీసీలలోని 8088 ప్రాసెసర్‌కు అడ్రసు తీగలు 20. ఒక మెగాబైట్ దాటితే దాని కంటికి ఆనదు. అందులోనూ తెరకూ, రోమ్‌కూ వదిలింది పోగా ప్రోగ్రాములకు దక్కేది 640 కిలోబైట్లే. లోటస్ 1-2-3లో పెద్ద పద్దులు రాసేవాళ్లకు అది ఏ మూలకూ చాలేది కాదు. 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఒక ఉపాయం పన్నాయి. ఆ మెగాబైట్‌లోనే 64 కిలోబైట్ల జాగా చూసి, 16 చొప్పున నాలుగు చేస్తారు. కార్డు మీదున్న మెగాబైట్లలో ఏ పేజీ కావాలన్నా ఆ నాలుగింటిలో ఒకచోట కనబడుతుంది.

నాలుగు గూళ్లు! చదివి ఒక్కణ్నే నవ్వుకున్నాను. పోలిక ఒకచోట తెగుతుందనుకోండి. దుకాణంలో డబ్బా మోసుకురావాలి. ఇక్కడ ఒక్క బైటూ కదలదు. కార్డు రిజిస్టర్‌లో పేజీ నంబరు మారిస్తే అదే అడ్రసులో వేరే సరుకు ప్రత్యక్షం.

ఈ పేజీ అడిగినవాడిదేనా, హద్దులో ఉందా అని చూసి ఆ నంబరు మార్చడమే డ్రైవర్ ముఖ్యమైన పని. అంతా అసెంబ్లీలో, వీలైనంత కురచగా రాయాలి. డ్రైవర్ కూర్చునేదీ ఆ 640లోనే మరి. జాగా ఇప్పించేందుకు వచ్చినవాడే మంచమంతా ఆక్రమిస్తే ఎట్లా?

డ్రైవర్ బాగానే నడిచింది. దానికి తోడు రాసిన ప్రింట్ స్పూలర్ నా కొంప ముంచింది. ప్రింటు కావలసింది కార్డులో దాచుకొని, సెకనుకు 18 సార్లు కొట్టే గడియారపు టిక్కుకు లేచి, తన పేజీని మూడో గూట్లోకి తెచ్చుకొని, నాలుగక్షరాలు ప్రింటర్‌కు పంపి పడుకునేది. ఒంటరిగా నడిపితే ముత్యంలా ఉండేది. పద్దుల ప్రోగ్రాము పక్కన పెడితే మాత్రం ఉత్తరాల మధ్య జీతాల అంకెలు అచ్చయ్యేవి. పద్దు తన పేజీ అక్కడే ఉందనుకొని, చూడకుండా రాసేస్తోంది పాపం.

మూడు రాత్రులు వెతికాను. గూళ్లలో అప్పటిదాకా ఏముందో గుర్తుపెట్టుకోవడానికి 47, తిరిగి అట్లాగే పెట్టడానికి 48 అని రెండు ఫంక్షన్లున్నాయి. డ్రైవర్‌లో వాటిని రాసింది నేనే. స్పూలర్‌లో పిలవనిదీ నేనే.

1991లో ఎంఎస్-డాస్ 5 వచ్చింది. దానితో వచ్చిన ఈఎంఎం386, 386 ప్రాసెసర్‌లోని పేజింగ్‌తో కార్డు లేకుండానే ఈ నాలుగు గూళ్లనూ చూపించేది. మా కార్డు అడిగేవాళ్లు తగ్గారు. ఆ దసరాకు ఊరికి పోయినప్పుడు, అరుగు మీద కూర్చోబెట్టి నాయినకు ఈ కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, చుట్ట పక్కన పెట్టి అడిగాడు:

“మల్ల ఉప్పేనా?”