మూయని బ్రాకెట్టు: కంపైలర్ దోష సందేశాల్లో ఆకాంక్ష, తాత్పర్యం

1. ప్రవేశిక

వాక్యార్థ జ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, తాత్పర్య జ్ఞానం కారణాలని భారతీయ శాబ్దబోధ సిద్ధాంతం చెప్తుంది. తెలుగు వాక్యంలో ‘వచ్చి’ అనే అసమాపక క్రియను వినగానే సమాపక క్రియ కోసం ఆకాంక్ష కలుగుతుంది. ప్రోగ్రామ్‌లో తెరిచిన బ్రాకెట్టు కూడా అటువంటిదే. దాని జత లోపించినప్పుడు కంపైలర్ ఇచ్చే దోష సందేశాన్ని ఒక పాఠంగా స్వీకరించి విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. దోషస్థానం

పైథాన్ 3.9లో ఫ్లవర్ బ్రాకెట్టును తెరిచి మూయడం మరిస్తే, దోషం లేని తరువాతి పంక్తిని తప్పుగా చూపే సందర్భాలున్నాయి. వరుసగా చదువుకుంటూ పోయే పార్సర్ తనకు ఆటంకం ఎదురైన చోటునే సూచిస్తుంది. అయితే పొరపాటు జరిగిన చోటు అది కాదు. కొత్తగా నేర్చుకునే విద్యార్థులు సరిగా ఉన్న పంక్తినే పదేపదే దిద్ది, చివరకు తమ అవగాహననే శంకించుకుంటారు. 2021లో వెలువడిన పైథాన్ 3.10, తెరిచిన బ్రాకెట్టునే చూపి, దానిని మూయలేదని చెప్తుంది. 2018లో వచ్చిన జీసీసీ 8 కూడా లోపించిన గుర్తుతో పాటు దాని జతను చూపడం ప్రారంభించింది. ఆకాంక్ష పుట్టిన చోటికి పాఠకుణ్ణి తీసుకుపోవడమే ఈ మార్పులోని విశేషం.

3. తాత్పర్య నిర్ణయం

ఇంతటితో సమస్య తీరదు. మూసే ప్రతి గుర్తూ అప్పటికి తెరిచి ఉన్నవాటిలో చివరిదానితో జతపడుతుంది. ఫంక్షన్ లోపలి ‘ఇఫ్’ ఖండాన్ని మూయకపోతే, ఫంక్షన్ కోసం రాసిన ముగింపు గుర్తు ‘ఇఫ్’కు చేరుతుంది, నింద ఫంక్షన్ మీద పడుతుంది. వ్యాకరణరీత్యా ఈ నిర్ణయం సరైనదే అయినా రచయిత తాత్పర్యానికి విరుద్ధం. రస్ట్ కంపైలర్ ఇక్కడ ఇండెంటేషన్‌ను కూడా పరిశీలిస్తుంది. జతపడిన రెండు గుర్తుల ఇండెంటేషన్ వేరుగా ఉంటే, లోపం అక్కడ ఉండవచ్చని చెప్తుంది. రస్ట్ వ్యాకరణం పట్టించుకోని ఆ ఖాళీలు రచయిత వివక్షకు సాక్ష్యమవుతాయి. ఇండెంటేషన్ అస్తవ్యస్తంగా ఉన్నప్పుడు ఆ సాక్ష్యం చెల్లదు కనుక, ‘ఉండవచ్చు’ అనే సంభావనార్థక ప్రయోగం ఉచితమైనది.

4. ముగింపు

మంచి దోష సందేశం ఆకాంక్ష పుట్టిన చోటును, అది భంగపడిన చోటును, తాత్పర్యం సూచించే చోటును వేరువేరుగా చూపాలి. మొదటి రెండింటిని నిశ్చయార్థంలో, మూడవదానిని సంభావనార్థంలో చెప్పాలి. ఊహను నిర్ణయంగా చెప్పే సందేశం పాఠకుణ్ణి మరొక తప్పుదారి పట్టిస్తుంది. కాబట్టి దోష సందేశాల రూపకల్పనలో పార్సర్ నిర్మాణంతో పాటు వాక్యార్థ విచారణకూ స్థానముంది.