చేలో చక్రాలు – చుక్కల్లో చుట్టాలు

రాత్రి మామూలుగా ఉన్న గోధుమచేలో తెల్లారేసరికి పెద్ద పెద్ద చక్రాలు! మొక్కలన్నీ ఎవరో దువ్వినట్టు ఒక వరసలో ఒరిగి ఉంటాయి. ఇంకేముంది, ఆకాశంనించి ఎవరో దిగి వెళ్లారన్నారు. ఇంగ్లండులో మొదలైన ఈ కథ చివరికి గ్రహాలూ చంద్రుళ్లదాకా పాకింది. సైన్సుగా దీని సంగతి శాస్త్రజ్ఞులు చూసుకుంటారు. నవలలు రాసేదాన్ని కనక నేను కథగానే చూశాను. కథగానూ ఇది నిలబడదు.

పాట్ డెల్గాడో, కాలిన్ ఆండ్రూస్ 1989లో ‘సర్క్యులర్ ఎవిడెన్స్’ అని ఓ పుస్తకం వేశారు. ఫోటోలు ముచ్చటగా ఉంటాయి. ఇంత శ్రద్ధగా చూసినవాళ్లకి మనిషి మాత్రం ఆనలేదు! 1991లో సౌతాంప్టన్‌కి చెందిన డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు అరవై దాటిన స్నేహితులు బయటికొచ్చి, ఓ చెక్కా తాడూ పట్టుకుని 1970ల చివరినించీ ఈ చక్రాలు మేమే వేస్తున్నామన్నారు. ఓ పత్రికవాళ్లు వాళ్లచేత ఒకటి వేయించి డెల్గాడోకి చూపిస్తే, ఇది మనిషి పని కాదన్నాడాయన. నిజం తెలిశాక మోసపోయానని ఒప్పుకున్నాడు. పెద్దమనిషే!

ఇందులో నాకు నచ్చిన పాత్ర మాత్రం డగ్ భార్య. మొగుడు రాత్రుళ్లు బయటికెళ్తున్నాడు, కారు మీటరు చూస్తే మైళ్లు పెరిగిపోతున్నాయి. మరొక ఆడమనిషి ఉందేమోనని నిలదీసిందట. ఊహ తప్పయితేనేం, ఆవిడ వెతికింది మనిషికోసం. పరిశోధకులందరికంటే ఆవిడే నయం కదూ?

1974లో అరెసిబో రేడియో టెలిస్కోపునించి ఒక నక్షత్రాల గుంపుకి సందేశం పంపారు. అది అక్కడికి చేరడానికే దాదాపు 25,000 ఏళ్లు పడుతుంది. 2001లో ఇంగ్లండులో చిల్బోల్టన్ టెలిస్కోపు పక్క చేలో అలాంటి బొమ్మే కనిపిస్తే, జవాబొచ్చేసిందన్నారు! ఉత్తరం వీధి మలుపు తిరక్కుండానే జవాబా?

ఇక చంద్రుడి సంగతి. శనిగ్రహపు చంద్రుళ్లలో ఐయాపెటస్ ఒకటి. 1671లో కాసినీ అనే ఆయన కనిపెట్టాడు. ఒక పక్క బొగ్గు, ఒక పక్క మంచు అన్నట్టుంటుంది. ఆర్థర్ క్లార్క్ 1968లో రాసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ నవల్లో అన్యలోకపు వాళ్లు నిలబెట్టిన నల్లరాయి ఉన్నది అక్కడే. 2004 డిసెంబరు 31న కాసినీ పేరే పెట్టిన వ్యోమనౌక దగ్గరగా వెళ్లి చూస్తే, నడుముకి మొలతాడు కట్టినట్టు ఓ కొండల వరస కనిపించింది. కొన్నిచోట్ల ఎత్తు 20 కిలోమీటర్లు! మన ఎవరెస్టు తొమ్మిది కూడా లేదు. వెంటనే రిచర్డ్ హోగ్లండ్ అనే అమెరికన్ రచయిత, ఈ చంద్రుణ్ణే ఎవరో తయారుచేసి ఉండాలన్నాడు.

క్లార్క్ రాసింది నవల. నవలని మనకి చెప్పే ఇచ్చాడు. హోగ్లండ్ ఆ గీత చెరిపేశాడు. శాస్త్రజ్ఞులేమో, చుట్టూ తిరిగే శకలాల వలయం కూలి పడిందేమోనని కొందరు, లోపలినించే పొంగిందేమోనని కొందరు ఇంకా వాదించుకుంటున్నారు. తేలని ఆ వాదమే నాకు ఎక్కువ ఆసక్తిగా ఉంది.

సార్వా కోతల వేళ తుఫాను పడితే మా నిడదవోలు చుట్టుపక్కలా చేలు సుడులు తిరిగి పడిపోతాయి. అప్పుడు రైతు ఆకాశంకేసి చూసేది చుట్టాలకోసం కాదు, ఎండకోసం. నీళ్లలో నాని కంకి మొలకెత్తితే ఏడాది కష్టం పోయినట్టే. ఈ వింతల వర్ణనల్లో చేనుగలవాడి నష్టం ఎక్కడో అడుగున పడిపోతుంది.

నెలగంట పెట్టిన దగ్గర్నించీ మన పిల్లలు చీకటితో లేచి, ఇరవయ్యొక్క చుక్కలు పెట్టి, చెయ్యి తడబడకుండా మెలికల ముగ్గు వేసేస్తారు. లోపల మడతపెట్టిన ఆ లెక్క చూస్తే తల తిరుగుతుంది. అయినా ఏ లోకంవాళ్లు వేశారని ఎవరూ అడగరు. ఆడపిల్ల చేతిలోంచి వచ్చింది కనక అది వింత కాదు! కూర కుదిరితే వంకాయ లేతదంటారు, ఉప్పెక్కువైతే మన చెయ్యంటారు. ‘ఇది మనిషి పని కాదు’ అనే మాట వినడానికి పొగడ్తలాగే ఉంటుంది గానీ, అది పని చేసిన చేతిని మాయం చేసే మాట. చెయ్యి మాయమైపోవడం అంటే ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

క్లార్క్ నవల దొరికితే తప్పక చదవండి. ఎవరైనా చక్రాల ఫోటోలు చూపించి గొంతు తగ్గించి మాట్లాడటం మొదలెడితే మాత్రం, ముందు కారు మీటరెంత తిరిగిందో అడగండి.