తొలి గజ్జె ఎక్కడ?

నాట్యం నేర్చిన పిల్లను ‘గురువెవరమ్మా?’ అని అందరూ అడుగుతారు. ‘మొదట ఎక్కడ ఆడావు?’ అని అడిగేవాళ్లు తక్కువ. సరదాకి నేర్చుకున్నవాళ్లకు ఆ ప్రశ్నతో పనిలేదు. ఆట మీదే ఇల్లు గడవాల్సిన ఆడమనిషికి మాత్రం అసలు ప్రశ్న అదే. గుడా, దర్బారా, పెళ్లి పందిరా, బారా, క్లబ్బా? హాలు ఎవరిది? చూసేవాడు ఎంత దగ్గరగా కూర్చుంటాడు? డబ్బు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వస్తుంది? ఆమె ఎలా ఆడాలో, ఎన్నాళ్లు ఆడగలదో ఈ మూడింటిని బట్టే తేలుతుంది. సిగ్గుపడి దాటేసే విషయం కాదిది, పక్కాగా వృత్తి విషయం.

హైదరాబాదులో ఈ లెక్క బాగా తెలిసిన మనిషి నాంపల్లిలోనే ఉండేది. పేరు మహ్ లఖా బాయి చందా. 1768లో పుట్టింది. ఆమెను పెంచిన మెహతాబ్ కన్వర్ నిజాం దివాను రుక్నుద్దౌలాకు దగ్గరి మనిషి. అందువల్ల దర్బారు తలుపులు పిల్లకు చిన్నప్పుడే తెరుచుకున్నాయి. ఢిల్లీ నుంచి వచ్చిన గాయకుల పరంపరకు చెందిన ఖుష్‌హాల్ ఖాన్ దగ్గర సంగీతం నేర్చుకుంది. గుర్రపు స్వారీ, విలువిద్య కూడా పట్టుబడ్డాయి. రెండో నిజాం వెంట మగవేషంలో యుద్ధాలకు వెళ్లింది. బిరుదు వచ్చింది, జాగీర్లు వచ్చాయి.

అక్కడితో ఆగి ఉంటే ఆమె కూడా నవాబు దయ మీద బతికిన ఆస్థాన నర్తకుల్లో ఒకతెగా మిగిలేది. ఆమె చేసిన తెలివైన పని వేరే ఉంది. నాంపల్లిలో సొంత హవేలీ ఏర్పాటు చేసుకుని, అమ్మాయిలను చేరదీసి ఆటా పాటా నేర్పింది. దర్బారు ఆమెకు పేరు ఇచ్చింది. ఆ పేరు పెట్టుబడిగా హాలు తనది చేసుకుంది. ఒకరి హాల్లో ఆడేదానికి, తన హాలుకు ఒకరిని పిలిచేదానికి ఎంత తేడా!

మెహ్‌ఫిల్‌లో ఆట తీరు చూస్తే ఆ తేడా ఇంకా తేటపడుతుంది. నేల మీద తెల్లటి చాందినీ పరిచి ఉంటుంది. గోడ వెంబడి దిండ్లకు ఆనుకుని పెద్దమనుషులు కూర్చుంటారు. నర్తకికీ వాళ్లకూ మధ్య దూరం చాలా తక్కువ. అంత దగ్గర్లో పెద్ద గెంతులకు, సుడులకు చోటులేదు, అవసరమూ లేదు. కనుబొమ, మణికట్టు, ఓణీ అంచు, ఒక్క అడుగు వెనక్కి వేయడం చాలు. గజల్‌లో ఒక పాదం పాడి, అదే పాదాన్ని మళ్లీ మళ్లీ అందుకుంటుంది. మొదటిసారి అది ఫిర్యాదు. రెండోసారి ఎత్తిపొడుపు. మూడోసారి అదే మాట దేవుడితో మొర. సారంగి, తబలా వాయించేవాళ్లు వాయిద్యాలు నడుముకు కట్టుకుని నిలబడే వాయిస్తారు. ఆమె ఎటు జరిగితే అటు జరుగుతారు. అంటే తాళం ఆమె చెప్పుచేతల్లో ఉంటుంది తప్ప ఆమె తాళం వెంట పరుగెత్తదు. రికార్డు పెట్టి ఆడించే చోట నర్తకి మొట్టమొదట పోగొట్టుకునేది ఈ పెత్తనాన్నే.

మహ్ లఖా గజళ్లు ఐదేసి షేర్లవి, షేరంటే రెండు పాదాల పద్యం. ఆడి చూపడానికి సరిగ్గా సరిపోయే కొలత. 1799లో ఒక నాట్య సభలో ఆమె తన కవితల ప్రతిని ఈస్టిండియా కంపెనీ అధికారి జాన్ మాల్కమ్‌కు బహూకరించింది. అది ఇప్పటికీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. చూడవచ్చిన దొర నర్తకి దగ్గర పుస్తకం పుచ్చుకుని వెళ్లాడన్నమాట. 

తెలుగు నేల మీద ఆటా పాటా వృత్తిగా బతికిన కలావంతుల సంగతీ ఇలాంటిదే, కాకపోతే వాళ్లకు చోట్లు మూడు. గజ్జె పూజ అయిన పిల్ల గుళ్లో ఆడేది. అక్కడ చూసేది దేవుడు కాబట్టి అడుగు, హారతి, దిక్కు అన్నీ ఆగమం చెప్పినట్టే ఉండాలి. సొంత కల్పనకు చోటు తక్కువ. జమీందారు ఇంటి మేజువాణిలో క్షేత్రయ్య పదాలు, జావళీలు. అక్కడ తరచూ కూర్చునే అభినయించేవారు. ఒక్క పదాన్ని గంటసేపు నడిపించిన ఘటికురాళ్లున్నారు. ఇక మూడోది ఊరి నడుమ పందిరి. రాత్రంతా భామాకలాపం, గొల్లకలాపం. వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా సత్యభామ అలక తెలియాలి కాబట్టి గొంతు పెరగాలి, అంగ పెరగాలి. నటరాజ రామకృష్ణ ఆంధ్రనాట్యాన్ని పునరుద్ధరించినప్పుడు ఆలయానికీ, ఆస్థానానికీ, జనం ముందు ఆడే కలాపానికీ వేర్వేరు పద్ధతులున్నాయని పట్టుబట్టి చెప్పింది ఇందుకే. బల్లిపాడు మదనగోపాలస్వామి గుడికి చెందిన సరిదె మాణిక్యమ్మ లాంటివాళ్లు గుడి ఆటా, కచేరి అభినయమూ రెండూ ఎరిగినవాళ్లు.

1947లో మద్రాసు దేవదాసీ చట్టం గుడి ఆటను ఆపేసింది. 1949లో హైదరాబాదులో జాగీర్లు రద్దయ్యాయి, మెహ్‌ఫిళ్లకు డబ్బిచ్చే చేతులు ఖాళీ అయ్యాయి. పాతబస్తీలో నర్తకుల పేట మెహబూబ్ కీ మెహందీ పేరు చెప్పడానికి కూడా జనం జంకే రోజులొచ్చాయి. వద్దనాల్సినవి అందులో ఉన్నాయి, నిజమే. కానీ దోపిడీతో పాటు విద్యనూ కట్టకట్టి బయట పారేశారు. ఆ తర్వాత ఆబిడ్స్‌లో, ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ థియేటర్ లాంటి హాళ్లలో, జ్యోతిలక్ష్మి, జయమాలిని క్లబ్ పాటలకు ఈలలు మోగాయి. ఆ క్లబ్బు మద్రాసు స్టూడియోలో వేసిన సెట్టు. చూసేవాడికీ ఆడేదానికీ మధ్య తెర.

బతికున్న మనుషులు ఎదుట ఆడే చోటుకు వస్తే, ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇప్పటికీ చిక్కు ప్రశ్నే. అమెరికాలో చాలా స్ట్రిప్ క్లబ్బుల్లో డ్యాన్సర్ జీతం పుచ్చుకోదు సరికదా, ఆ రాత్రి ఆడినందుకు తనే క్లబ్బుకు రుసుం కడుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లస్టీ లేడీ అనే చోట పద్ధతి వేరుగా ఉండేది. అద్దం అవతల ఆట, గంటల లెక్కన కూలి. అక్కడి ఆడవాళ్లు 1990లలో యూనియన్ పెట్టుకున్నారు, 2003లో క్లబ్బునే కొని సహకార సంఘంగా నడిపారు. 2013లో మూతపడింది. వ్యాపారం వాళ్లది, భవనం మాత్రం వాళ్లది కాదు. అద్దె దగ్గరే దెబ్బ తగిలింది.

మన దేశంలో ఈ గొడవ మహారాష్ట్రలో కోర్టుకెక్కింది. 2005లో అక్కడి ప్రభుత్వం బార్లలో డ్యాన్స్ నిషేధించింది. మూడు నక్షత్రాలు, అంతకు పైబడిన హోటళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అదే ఆట చిన్న బారులో తప్పు, పెద్ద హోటల్లో ఒప్పు! 2006లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది, 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. ప్రభుత్వం 2016లో మరో చట్టం తెచ్చింది. 2019 జనవరి 17న సుప్రీంకోర్టు అందులోని అనేక షరతులను తీసేసింది. సీసీ కెమెరాలు తప్పనిసరి కాదంది. బడికీ గుడికీ కిలోమీటరు దూరం ఉండాలన్న నిబంధనా పోయింది. నోట్లు వెదజల్లకూడదు, టిప్పు ఇవ్వవచ్చు. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండున్నర దాకానే ఆట.

ఆ తీర్పులో పేపర్లు అంతగా పట్టించుకోని అంశం ఒకటుంది. డ్యాన్సర్‌తో యజమాని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి, సొమ్ము ఆమె బ్యాంకు ఖాతాలో పడాలి అన్న షరతును కోర్టు ఉంచేసింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పే. అయినా హైదరాబాదులో ఈవెంటుకో, హోటల్‌కో, బారుకో తొలిసారి వెళ్లే అమ్మాయి స్టేజీ ఎంత పెద్దదో చూసే ముందు ఆ కాగితం అడగాలి. ఇవ్వనన్నచోట గజ్జె కట్టకుండా తిరిగి రావడమే మేలు.