మరపురాని దృశ్యాలు – మరుగైన సందర్భాలు

చాటుపద్యం గ్రంథంలో పుట్టదు. ఒక సభలోనో, ఒక సత్రం అరుగుమీదనో, ఎవరినో మెచ్చుకొనడానికో దెప్పడానికో ఆశువుగా పుడుతుంది. అందుకే తెలుగునాట చాటువు చెప్పేవారు పద్యం ఎత్తుకోవడానికి ముందు కథ చెబుతారు. ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, ఏ సందర్భంలో అన్నారు అన్నది తెలిసిన తరువాతనే పద్యం అందుతుంది. కథ జారిపోయిన చాటువు చెవికి ఇంపుగానే ఉంటుంది. దాని గురి ఎవరో మాత్రం తెలియదు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితులు ఊరూరా చెదిరిపోయిన చాటువులను సేకరించి అచ్చువేసిన కృషిని సాహిత్యలోకం ఈనాటికీ స్మరించుకొంటున్నదంటే, పద్యాలనే కాక వాటివెంట నడిచివచ్చిన చరిత్రనూ వారు కాపాడినందుకే.

వన్యప్రాణి చిత్రాలలోని ప్రసిద్ధ ఘట్టాలను ఏర్చి కూర్చిన గృహ వీడియో సంకలనాలను పరిశీలించేటప్పుడు ఈ పోలిక సహాయకారి అవుతుంది. ఇవి కూడా చాటు సంపుటాల వంటివే. పెద్ద గ్రంథాలనుంచి జారిన ముక్కలను ఒకచోట చేర్చి, తీరిక లేని పాఠకునికి అందించే ప్రయత్నం ఇందులోనూ కనిపిస్తుంది. అయితే ఈ సంకలనకర్తలు పద్యాన్ని ఉంచి కథను వదిలివేశారా అన్నది విమర్శకుడు వేయవలసిన ప్రశ్న.

ఈ కోవలో చెప్పుకోదగినది బి.బి.సి. 2003లో విడుదల చేసిన 'గ్రేట్ వైల్డ్‌లైఫ్ మూమెంట్స్'. దీనికి వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 1957లో ఏర్పడిన బి.బి.సి. ప్రకృతి చరిత్ర విభాగం అనేక దశాబ్దాలు శ్రమించి కూడబెట్టిన దృశ్యసంపద ఇటువంటి సంకలనాలకు మూలధనం. 1979లో పదమూడు భాగాలుగా ప్రసారమైన 'లైఫ్ ఆన్ ఎర్త్', 1984 నాటి 'ది లివింగ్ ప్లానెట్', 1990 నాటి 'ది ట్రయల్స్ ఆఫ్ లైఫ్', 1998 నాటి 'ది లైఫ్ ఆఫ్ బర్డ్స్', 2001 నాటి 'ది బ్లూ ప్లానెట్' ఆ విభాగపు ప్రసిద్ధ కృతులు. ఈ ధారావాహికలనుంచి విడివడి, జనం నోట నానిన ఘట్టాలే ఈ సాహిత్యంలోని చాటువులు.

ఇటువంటి సంకలనం చేసిన మేలును ముందుగా అంగీకరించాలి. 1976లో జపానులో వి.హెచ్.ఎస్. వీడియో టేపు వెలువడేవరకు, టెలివిజన్‌లో ఒకసారి ప్రసారమైన చిత్రం సామాన్య వీక్షకునికి మళ్ళీ దొరికేది కాదు. గంటల తరబడి సాగే ధారావాహికను ఆసాంతం చూడగల తీరిక ఎందరికి ఉంటుంది? ఉపాధ్యాయుడు తరగతిలో పది నిమిషాలు చూపించాలన్నా, తాతామనుమలు కలిసి ఒక సాయంత్రం చూడాలన్నా సంకలనమే సులువు. మహాభారతాన్ని మొత్తం చదవనివారు కూడా అందులోని కొన్ని పద్యాలద్వారానే ఆ కావ్యాన్ని ప్రేమించారు. ఆ దారిని తక్కువచేయనవసరం లేదు.

చిక్కు మరొకచోట ఉన్నది. పెద్ద చిత్రంలో ఒక దృశ్యం వాదంలో భాగంగా వస్తుంది. ముందు ఒక ప్రశ్న, వెనుక ఒక నిర్ణయం ఉంటాయి. విడదీసినప్పుడు దృశ్యం మిగులుతుంది, వాదం పోతుంది. దీనికి మూడు ప్రసిద్ధ ఘట్టాలు ఉదాహరణలు.

మొదటిది, రువాండా కొండలలో అటెన్‌బరో గొరిల్లాల మధ్య కూర్చున్న ఘట్టం. పొదల మధ్య ఆయన గుసగుసగా మాట్లాడుతూ ఉండగా గొరిల్లా పిల్లలు ఆయనమీదికి ఎక్కి ఆడుకొంటాయి. చూసినవారు మరచిపోలేని దృశ్యమిది. కానీ ఆయన అక్కడికి వెళ్ళినది చెలిమి చేయడానికి కాదు. వానరజాతుల పరిణామాన్ని వివరించే పన్నెండవ భాగంలో, తక్కిన వేళ్ళకు ఎదురుగా వంగి వస్తువును పట్టుకోగల బొటనవ్రేలి ప్రాముఖ్యాన్ని చెప్పడానికి వెళ్ళాడు. దగ్గరకు చేరిన తరువాత ఆ ఉపన్యాసం పక్కకుపోయి, క్రూరమృగమని పేరుపడిన ఈ ప్రాణి ఎంత సాధువో చెప్పడం మొదలుపెట్టాడు. శాస్త్రవివరణ చేయవచ్చినవాడు సాక్షిగా మారిన క్షణమది. ఆ మార్పు తెలియనివారికి ఇది ముచ్చటైన ఆటగా మాత్రమే కనబడుతుంది.

దీనికి మరొక నేపథ్యం కూడా ఉన్నది. చిత్రీకరణ జరిగినది 1978 జనవరిలో. డయాన్ ఫాసీ పరిశోధిస్తున్న గొరిల్లాలలో ఆమెకు మిక్కిలి ప్రీతిపాత్రమైన 'డిజిట్'ను వేటగాళ్ళు చంపినది 1977 డిసెంబరు చివరి రోజున. అంటే ఆ ఆటపాటల వెనుక కొద్దిరోజుల క్రితపు హత్య ఉన్నది. 1981 గణనలో విరుంగా పర్వతాలలో మిగిలిన కొండ గొరిల్లాలు సుమారు 250. దీర్ఘకాలపు రక్షణ కృషి తరువాత, 2018 నాటికి విరుంగా, బ్విండి ప్రాంతాలు రెండూ కలిపి ఆ సంఖ్య వెయ్యి దాటింది. అదే సంవత్సరం అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాటిని అత్యంత ప్రమాదస్థితిలోని జాతుల పట్టికనుంచి ఒక మెట్టు తగ్గించింది. ఈ తేదీలు పక్కన ఉంటే ఆ దృశ్యం చరిత్రకు ఆధారమవుతుంది. లేకపోతే ఎప్పుడో ఎక్కడో జరిగిన ఒక వింతగా నిలిచిపోతుంది.

రెండవది, 'ట్రయల్స్ ఆఫ్ లైఫ్'లోని ఓర్కా తిమింగలాల వేట. అర్జెంటీనాలోని వాల్డెస్ ద్వీపకల్పంలో పుంటా నోర్టే అనే గులకరాళ్ళ తీరం ఉన్నది. అక్కడ ఓర్కాలు అలతోపాటు ఒడ్డుమీదికి దూసుకువచ్చి సముద్రసింహాల పిల్లలను నోట కరచుకొని, ఒళ్ళు కదిలించుకొంటూ తిరిగి నీటిలోనికి జారుకొంటాయి. పాల్ అట్కిన్స్, మైక్ డిగ్రూయ్ తీసిన ఈ దృశ్యం చూసినవారికి ఓర్కాజాతి స్వభావమే ఇది అనిపించడం సహజం. నిజానికి ఇది జాతి స్వభావం కాదు. ఆ ప్రాంతంలోని కొద్దిపాటి ఓర్కాలు నేర్చుకొని, తమ పిల్లలకు నేర్పుకొంటున్న విద్య. అక్కడకూడా పిల్లలు నీటి అంచున తిరుగాడే కొద్ది వారాలలోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. తరంనుంచి తరానికి అందే ఈ విద్యను సంప్రదాయమనే అనాలి. చోటు పేరు తీసివేస్తే సంప్రదాయం కాస్తా ప్రకృతిధర్మమై కూర్చుంటుంది. మానవ సమాజాల విషయంలో ఒక ఊరి ఆచారాన్ని దేశమంతటికీ అంటగట్టిన వ్రాతలను చరిత్రకారులు ఎన్నిమార్లో ఖండించారు. జంతువుల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

మూడవది ఆస్ట్రేలియాకు చెందిన లైర్ పక్షి. కెమెరా మీట నొక్కిన చప్పుడును, కారు అలారాన్ని, చెట్లు కోసే రంపపు మోతను అది అచ్చుగుద్దినట్లు అనుకరిస్తుంది. అటెన్‌బరో ఎనభయ్యవ జన్మదినం సందర్భంగా 2006లో బ్రిటిష్ వీక్షకులు ఆయన ఘట్టాలపై వోటు వేసినప్పుడు ప్రథమస్థానం దీనికే దక్కింది. అడవిని నరికే రంపం పాట అడవి పక్షి గొంతులోనే వినిపించడం కంటె గుండెను కలచే సంగతి ఏముంటుంది? అయితే ఆ ఘట్టంలో కనిపించే మూడు పక్షులలో రెండు మనుషుల సంరక్షణలో పెరిగినవి. ఒకటి హీల్స్‌విల్ అభయారణ్యానిది, మరొకటి అడిలైడ్ జంతుప్రదర్శనశాలది. అడవిలోని లైర్ పక్షులు ప్రధానంగా అనుకరించేది ఇతర పక్షుల కూతలనే. ఈ సంగతి మూలచిత్రంలోనే స్పష్టం కాలేదు కాబట్టి తప్పు సంకలనంతో మొదలయినది కాదు. కానీ ప్రతి సంకలనమూ ఆ లోపాన్ని మరింత స్థిరపరుస్తుంది.

స్థలాన్ని దాచినచోట అసత్యం ఎంత సుఖంగా కాపురం చేయగలదో చెప్పడానికి ఇంకొక పాత ఉదాహరణ చాలు. డిస్నీ సంస్థ 1958లో నిర్మించిన 'వైట్ వైల్డర్‌నెస్'లో లెమ్మింగులనే చిట్టెలుకల వంటి జీవులు గుంపుగా కొండచరియనుంచి సముద్రంలోనికి దూకి ప్రాణాలు విడుస్తున్నట్లు చూపారు. ఆ చిత్రానికి ఆస్కార్ పురస్కారం లభించింది. ఆ ఘట్టాన్ని తీసినది సముద్రతీరమే లేని కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలోననీ, జంతువులను తెప్పించి దృశ్యాన్ని కల్పించారనీ 1982లో కెనడా టెలివిజన్ బయటపెట్టింది. చిత్రాన్ని మరచినవారు కూడా లెమ్మింగుల ఆత్మహత్య అనే మాటను మరువలేదు.

ఎంపికలోకూడా ఒక పక్షపాతం ఉంటుంది. 'ట్రయల్స్ ఆఫ్ లైఫ్' ధారావాహిక పుట్టుకనుంచి సంతానోత్పత్తి వరకు జీవితదశలను క్రమంగా చర్చించినది. అమెరికాలో దాని వీడియో టేపులను అమ్మడానికి 1990 దశకం తొలి సంవత్సరాలలో వచ్చిన టెలివిజన్ ప్రకటనలు మాత్రం వేట, నెత్తురు, చావు దృశ్యాలనే గుదిగుచ్చాయి. గూడు కట్టుకొనే ఓర్పు, దారి వెదుక్కొనే నేర్పు అందులో చోటు సంపాదించలేదు. రెప్పపాటులో ముగిసే సంఘటన ముక్కగా ఒదుగుతుంది. నెమ్మదిగా సాగే జీవితం ఒదగదు. సంకలనాలను మాత్రమే చూసి పెరిగిన పిల్లవానికి అడవి అంటే నిరంతరం ఏదో ఒకటి జరుగుతూ ఉండే రంగస్థలమనిపిస్తుంది. అడవిలో ఎక్కువకాలం ఏమీ జరగదన్నది ఆ దృశ్యాలకోసం వారాల తరబడి కాచుకున్న ఛాయాగ్రాహకులకు తెలిసిన సత్యం.

సందర్భాన్ని విడువని చిత్రం ఏమి సాధించగలదో భారతదేశంలోనే నిదర్శనం ఉన్నది. మైక్ పాండే 2000 సంవత్సరంలో వెలువరించిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' గుజరాత్ తీరంలో తిమింగల సొరచేపల వేటను చూపింది. ప్రపంచంలోని చేపలన్నింటిలో పెద్దదైన ఈ జీవిని పీపాలు కట్టి అలసట పుట్టించి పట్టడం, కాలేయపు నూనెను పడవలకు పూయడం, మాంసాన్ని ఎగుమతి చేయడం అందులో వరుసగా కనిపిస్తాయి. ఊరు, వృత్తి, వ్యాపారం, ఆకలి అన్నీ అందులో ఉన్నాయి. 2001లో కేంద్రప్రభుత్వం ఈ చేపను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ నిర్ణయానికి దోహదం చేసినవాటిలో ఈ చిత్రం ముఖ్యమైనది. నీలినీటిలో హుందాగా ఈదే మహామత్స్యం దృశ్యాన్ని మాత్రమే కత్తిరించి ఏ సంకలనంలోనైనా చేర్చి ఉంటే, చూసినవారు ఆహా అని మెచ్చుకొని ఊరుకొనేవారు. ఏ తీరంలో ఏమి జరుగుతున్నదో తెలిసినప్పుడే అధికారి కలం కదలడానికి ఆధారం దొరుకుతుంది.

డిస్కుల కాలం ఇంచుమించు ముగిసినా సంకలనరూపం అంతరించలేదు. చేతిఫోను తెరమీద అది మరింత చిన్న ముక్కలై, వ్యాఖ్యాత గొంతునుకూడా కోల్పోయి తిరుగుతున్నది. అందువల్ల ఈ ప్రశ్న పాతబడలేదు. 1948లో ఏర్పడి 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలనుంచి గాని, దూరదర్శన్ భాండాగారంనుంచి గాని ప్రభుత్వ సంస్థలే ఇటువంటి సంకలనాలను కూర్చదలచినప్పుడు కొన్ని నియమాలు పెట్టుకొనడం కష్టం కాదు. ప్రతి దృశ్యం అంచున చోటు, సంవత్సరం, తీసినవారి పేరు ఉండాలి. అడవిలో తీసినదో, జంతుశాలలో తీసినదో చెప్పాలి. ఏ చిత్రంలోనిదో తెలిపి, మొత్తం చిత్రం ఎక్కడ చూడవచ్చునో సూచించాలి. ఆ జీవి నేటి స్థితిని ఒక వాక్యంలోనైనా చేర్చాలి. భారతీయ భాషలలో వెలువరించేటప్పుడు ఆ వాక్యాన్ని ఆయా భాషలలోనే వ్రాయించాలి. తెరమీద ఇది రెండు వరుసల పని. ఈ రెండు వరుసలు ఉన్న సంకలనాన్ని చూసిన పిల్లవాడు గొరిల్లాను చూసి నవ్వుకొన్న తరువాత, పటంలో రువాండా ఎక్కడున్నదో వెదుకుతాడు.