ధైర్యం ఎవరి కోసం?

అమ్మకి రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయిన వారానికి ఆమె చేతిలో ఒక వ్యక్తిత్వ వికాసం పుస్తకం పెట్టాను. "నెగెటివ్‌గా ఆలోచించకమ్మా, ఏడిస్తే జబ్బు ఇంకా ముదురుతుంది" అన్నాను. అప్పటికే సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. అమ్మ కళ్ళు తుడుచుకుని, చూడ్డానికొచ్చినవాళ్ళకి కాఫీ కలపమంది. మళ్ళీ నా ముందు ఏడవలేదు. "మీ అమ్మకి ఎంత ధైర్యమో!" అన్నారందరూ. నాకూ గర్వంగానే ఉండింది.

ఆడ్రీ లార్డ్ 'ది కాన్సర్ జర్నల్స్' (1980) ఆ తర్వాతెప్పుడో చదివాను. 1978లో రొమ్ము తీసేసిన పది రోజులకి ఆమె కృత్రిమ రొమ్ము పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి వెళుతుంది. అలా వస్తే ఇక్కడివాళ్ళ మనోధైర్యం దెబ్బతింటుందని నర్సు మందలిస్తుంది. ఎవరి మనోధైర్యం? ఇజ్రాయెల్ మంత్రి మోషే దయాన్ కంటికి నల్లగుడ్డ కట్టుకుని తిరిగితే, గాజుకన్ను పెట్టుకోమని ఎవరూ అనలేదే అంటుంది లార్డ్. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఆ నర్సుని నేనే.

బార్బరా ఎరెన్‌రైక్ కూడా తన కాన్సర్ గురించి 2001లో రాసిన వ్యాసంలో, 2009 నాటి 'బ్రైట్‌సైడెడ్'లో ఈ బలవంతపు ఉల్లాసాన్నీ, దాని చుట్టూ అల్లుకున్న గులాబీ రిబ్బన్ల, టెడ్డీబేర్ల వ్యాపారాన్నీ చీల్చి చెండాడింది. పదునైన వాదన. కాని అందులో కోపం కనిపించినంతగా భయం కనిపించదు. లార్డ్ అలా కాదు. ఏ పూట భయాన్ని ఆ పూట డైరీలో రాసుకుంది. తర్వాత వ్యాసాలు రాసినప్పుడు ఆ డైరీని చక్కదిద్దకుండా పక్కనే ఉంచింది. ఉద్వేగాలని అదుపులో పెట్టుకోవడం అంటూ మన వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చాలావరకు నేర్పేది అణచుకోవడమే. భయాన్ని భయమని గుర్తుపట్టి, అది దేని గురించో అడగడం ముందు జరగాలి కదా! అలా అడిగింది కాబట్టే, ఆ కృత్రిమ రొమ్ము స్త్రీలని ఒకరికొకరు కనబడకుండా చేస్తోందన్న రాజకీయ అవగాహన లార్డ్‌కి కలిగింది.

ఆశ వద్దని కాదు. కాని ఏడుపు జబ్బుని ముదరబెడుతుందనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. తల, మెడ కాన్సర్ ఉన్న వెయ్యిమందికి పైగా రోగులతో చేసిన ఒక అధ్యయనంలో (2007) వాళ్ళ మానసిక స్థితికీ, ఎన్నాళ్ళు బతికారన్నదానికీ సంబంధం కనబడలేదు.

పోయిన సంక్రాంతికి అమ్మని అడిగాను, అప్పుడు దేనికి భయపడ్డావని.

"చచ్చిపోతానని కాదే. జాకెట్టు కొలతలివ్వడానికి టైలరు దగ్గరికి ఎలా వెళ్ళాలా అని."

అమ్మ అప్పట్నించీ తన జాకెట్లు తనే కుట్టుకుంటోంది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది.